గద్దలకు హాజరు పట్టీ

పిల్లలూ! బళ్లో రోజూ పొద్దున్నే హాజరు పిలుస్తారు గదా! మీరు "ప్రెజెంట్ సార్" అని కూర్చుంటారు. అంతటితో ఆ సంగతి అయిపోయిందనుకుంటారు. కాని ముప్ఫై యేళ్లకు పైగా ఆ పట్టీ రాసినవాణ్ణి నేను. యే వీధిలో జ్వరాలు తగిలాయో, నాట్ల రోజుల్లో యే పిల్లలు పొలానికి పోతున్నారో ఆ పట్టీయే నాకు చెప్పేది. ఒక్కరోజు పేజీ చూస్తే యేమీ తెలియదు. యేడాది పేజీలు తిరగేస్తే అన్నీ తెలుస్తాయి.

ఆకాశంలో పోయే గద్దలకూ, డేగలకూ కూడా యిటువంటి పట్టీ రాసే చోటు ఒకటి వున్నది. అది అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో వున్నది. పేరు హాక్ మౌంటెన్, అంటే డేగల కొండ. మా అమ్మాయి కాపురం ఆ రాష్ట్రంలోనే. చూడబోయినప్పుడు, సెప్టెంబరు నెలలో, మనుమరాలితో కలిసి ఆ కొండ యెక్కాను. యెత్తు 1,521 అడుగులే. మన తిరుమల కొండ యింతకంటే చాలా యెత్తు. శిఖరం మీద అన్నీ బండరాళ్లే. వాటిమీదనే జనం దుర్భిణీలు పట్టుకొని కూర్చుని వున్నారు.

పక్షులు ఆ కొండమీదుగానే యెందుకు పోవాలి? వాగులో బండ అడ్డం వస్తే నీరు దానిమీదికి లేచి దాటుతుంది, చూశారా? గాలి కూడా అంతే. కిట్టటిన్నీ అనే ఆ కొండల వరస గోడలాగా చాలా దూరం సాగుతుంది. వాయవ్యం నుంచి వచ్చే గాలి దానికి తగిలి పైకి లేస్తుంది. చలికాలానికి ముందు దక్షిణానికి పోయే పక్షులు ఆ గాలిమీద రెక్కలు చాపి, ఆడించకుండానే, మైళ్లకు మైళ్లు పోతాయి. దూరప్రయాణం కదా, ఒంట్లో కొవ్వు పొదుపు చేసుకోవద్దూ!

లెక్కించేవారి పని ఆగస్టు నడిమి నుంచి డిసెంబరు నడిమిదాకా సాగుతుంది. గంట గంటకూ యే జాతివి యెన్ని పోయినవో, గాలి యెటునుంచి వీచిందో కాగితం మీద రాస్తారు. ఎదుటి కొండకొమ్ములకు అంకెలు పెట్టుకున్నారు. "మూడో దానిమీద పక్షి!" అని ఒకరు కేకవేస్తే అందరి దుర్భిణీలూ అటు తిరుగుతాయి. గద్దలను దగ్గరకు రప్పించడానికి ఒక గుంజమీద బొమ్మ గుడ్లగూబను కూడా నిలబెట్టారు. దాన్ని చూస్తే డేగలకు ఒళ్లుమంట, మీదికి దూకి వస్తాయి!

సెప్టెంబరులో వెడల్పు రెక్కల డేగలు గుంపులు గుంపులుగా వస్తాయి. వెచ్చని గాలి పైకి లేచే చోట వందలకొద్దీ చేరి, గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. మరిగే పాత్రలాగా వుంటుందని అక్కడివారు దాన్ని "కెటిల్" అంటారు. తిరుగుతున్నంతసేపూ వాటిని లెక్కించడం యెవరి తరమూ కాదు. పైకి చేరాక అవి ఒకదాని వెనుక ఒకటి వరసగా జారిపోతాయి. అప్పుడు లెక్కిస్తారు. ఆటల పీరియడులో పిల్లలను మైదానంలో లెక్కపెట్టే ఉపాధ్యాయుడు తెలివితక్కువవాడు. గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టాలి. ఆ పద్ధతి అక్కడ చూసి నాకెంతో ముచ్చట వేసింది.

ఒకప్పుడు ఆ బండలమీద కూర్చున్నది తుపాకుల వాళ్లు. గోషాక్ అనే పెద్ద డేగను చంపి తెస్తే 1929 నుంచి ప్రభుత్వమే 5 డాలర్లు బహుమానం యిచ్చేది. జనం సరదాకు అన్ని జాతులనూ కాల్చి పడవేసేవారు. 1932లో రిచర్డ్ పఫ్ అనే ఆయన ఆ చచ్చిన పక్షులను వరసగా పేర్చి ఫోటోలు తీశారు. అవి న్యూయార్కులో రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ చూశారు. అప్పటికి ఆవిడకు యాభై దాటినవి. ఉపన్యాసాలు యివ్వడంతో ఆగక, 1934లో ఆ కొండనే కౌలుకు తీసుకున్నారు! మారిస్ బ్రౌన్ అనే ఆయనను కాపలా పెట్టారు. ఆయనా, ఆయన భార్య ఇర్మా దారిలో నిలబడి తుపాకుల వాళ్లను వెనక్కు పంపారు. ఆ శరత్తులోనే బ్రౌన్ కొండమీద లెక్క మొదలుపెట్టారు. యుద్ధం మూలంగా మూడేళ్లు తప్పింది. తరవాత నేటిదాకా ఆగలేదు.

ఆ పట్టీ యేం చెప్పిందో వినండి. అక్కడ తెల్లతల గద్ద వున్నది, అది వారి జాతీయ పక్షి. పెద్దదానికి తల తెలుపు. పిల్లకు ఒళ్లంతా గోధుమ నలుపు. అయిదేళ్లకు గాని తల తెల్లబడదు. అందుచేత దూరంనుంచే పెద్దదా, పిల్లా అన్నది తెలిసిపోతుంది. 1935 నుంచి 1939 దాకా నూటికి 40 పిల్ల గద్దలు కనిపించినవి. 1955 నుంచి 1959 దాకా 20 మాత్రమే. 1957లో 32 పెద్ద గద్దలకు ఒక్కటంటే ఒక్కటే పిల్ల! పెద్దలు వస్తున్నారు, పిల్లలు బడికి రావడం లేదన్నమాట. యీ గద్ద ఇరవై యేళ్లకు పైగా బతుకుతుంది గనుక మొత్తం అంకె ఒక్కటే చూసేవారికి ప్రమాదం అంత త్వరగా తెలియదు.

రేచల్ కార్సన్ అనే శాస్త్రజ్ఞురాలు 1962లో తన పుస్తకంలో యీ అంకెలను చూపించారు. పురుగులకు చల్లే డి.డి.టి. వానకు కొట్టుకుపోయి ఏటిలో చేరుతుంది. అక్కడ చేపలకు, చేపలనుంచి గద్దకు. గుడ్డు పెంకు పలచబడి, తల్లి పొదగడానికి కూర్చుంటే చిట్లిపోయేది. మలేరియా దోమలకని నా చిన్నతనంలో మా యింటి గోడలమీద చల్లిన డి.డి.టి. వాసన నాకింకా గుర్తే. అమెరికాలో 1972లో దాన్ని చాలావరకు నిషేధించారు. గద్దలు మెల్లగా తేరుకున్నవి. 2007లో వాటిని అంతరించిపోతున్న వాటి జాబితానుంచి తీసివేశారు.

ఇప్పుడు పట్టీలో కెస్ట్రెల్ అనే చిన్న డేగ తగ్గుతున్నది. పావురంకంటే చిన్నది, మిడతలనూ, ఎలుకలనూ పట్టి రైతుకు మేలు చేస్తుంది. యెందుకు తగ్గుతున్నదో కారణం ఇంకా తేలలేదు. అది చెట్టు తొర్రలో గూడు పెడుతుంది. తొర్రలు దొరకవేమోనని కొందరు పొలాల గట్లమీద చెక్కపెట్టెలు కట్టి చూస్తున్నారు. మేము దిగివచ్చేటప్పుడు మా మనుమరాలు వెళ్లి ఆ రోజు కాగితంలో కెస్ట్రెల్ గడి చూసి వచ్చింది. "రెండే, తాతయ్యా!" అన్నది.