శబరి ఒడ్డు నుంచి భద్రగిరి దాకా

తెల్లవారకముందే ఛత్తీస్‌గఢ్‌లోని కొంటాలో శబరి రేవుకు దిగాం. మాఘమాసపు మంచు ఇంకా నీళ్లను వదల్లేదు. అవతలి ఒడ్డు ఒడిశా, అక్కడి ఊరు మోటు. సీలేరు వచ్చి శబరిలో కలిసేది అక్కడే. ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ మూడూ కలిసేదీ అక్కడే. బస్తర్ నేలకు కొంటా దక్షిణపు కొస. 2012 నుంచి సుక్మా జిల్లాలో ఉంది. బోర్డులు హిందీలో ఉన్నా, బజారులో తెలుగూ కోయ మాటా ధారాళంగా వినిపిస్తాయి. రేవు దగ్గర అడ్డాకులు కట్టలు కడుతున్న ముసలమ్మ మమ్మల్ని చూసి, "భద్రాద్రికా అయ్యా? రాములోరిని అడిగానని చెప్పండి" అంది, ఊళ్లో చుట్టాన్ని అడిగినట్టే.

ఈ నది కొరాపుట్ కొండల్లో పుడుతుంది. ఒడిశాలో దాని పేరు కొలాబ్. దిగువకు వచ్చేసరికి శబరి అవుతుంది. రాముడికి పళ్లు పెట్టిన తల్లి పేరే ఇక్కడ ఏరై పారుతోంది.

జాతీయ రహదారి మీద చింతూరు చేరి, కూనవరం వైపు తిరిగాం. ఆకు రాల్చిన టేకులు, తాటిచెట్లు, మట్టి అరుగులతో శుభ్రంగా ఉన్న కోయగూడేలు. కూనవరంలో శబరి గోదావరిలో కలుస్తుంది. సంగమంలో కాళ్లు తడిపి పైకి వస్తుంటే ఒక ఇంటి గోడ ఆపేసింది. తలుపు పైకమ్మి కంటే ఎత్తున బురద చార ఉంది. దాని కింద సున్నం ఉబ్బి పొరలుగా లేచింది. "అది 2022 వరద బాబూ" అన్నాడు ఇంటాయన. ఆ జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత వరద అదే. గోదావరి నిండుగా ఉంటే శబరికి దారి ఉండదు. నీళ్లు వెనక్కి ఎగదన్ని చింతూరునూ కొంటానూ ముంచుతాయి.

అక్కణ్నుంచి శ్రీరామగిరి. ఊరు గోదావరి ఒడ్డున, గుడి కొండ మీద. మెట్లెక్కి వెనక్కి తిరిగితే కింద నది వెండి పళ్లెంలా పరుచుకుని ఉంది. దూరాన పాపికొండల వైపు కొండ వెనుక కొండ నీలంగా లేస్తోంది. గుడిలో మేమూ పూజారిగారే. గంట మోగించాక ఆ నాదం లోయలోకి దిగిపోయేదాకా ఎవరమూ మాట్లాడలేదు.

నెల్లిపాక మీదుగా భద్రాచలం చేరేసరికి పొద్దు వాలింది. భద్రుడనే భక్తుడు కొండగా మారితే, ఆ కొండ మీద రాముడు కొలువయ్యాడని స్థలపురాణం. 17వ శతాబ్దంలో పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న ఈ ఆలయం కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. ఆయనే మన రామదాసు. అంతకు ముందే, పుట్టలో దొరికిన విగ్రహాలకు తాటాకు పందిరి వేసి తాటిపండు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ అని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.

గర్భాలయంలో రాముడికి నాలుగు చేతులు. శంఖం కుడిచేత, చక్రం ఎడమచేత, మిగతా రెండింట విల్లూ అమ్మూ. ఎడమ తొడ మీద సీతమ్మ, పక్కన లక్ష్మణుడు. హారతి వెలుగులో ఆ మూర్తిని చూస్తూ, కొంటా ముసలమ్మ చెప్పమన్న మాట చెప్పాను.

ఆ రోజంతా తిరిగాక నాకు తేలిందిదే: ఈ సీమలో భక్తులే నేల అయ్యారు. శబరి ఏరైంది, భద్రుడు కొండయ్యాడు, దమ్మక్క గుడికి మొదలైంది. అందుకే ఇక్కడ గుడిని నదినుంచీ కొండనుంచీ విడదీసి చూడలేం. అలాంటి నేలకే ఇప్పుడు దిగువన గోదావరి మీది పోలవరం డ్యాము ముంపు భయం ఉంది. ఆ జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ ముంపు కారణంగానే కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలు 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. కొంటా ముంపు మీద ఛత్తీస్‌గఢ్ సుప్రీంకోర్టు మెట్లెక్కింది. డ్యాము కావాలనేవారూ వద్దనేవారూ ముందు ఈ గూడేల గోడల మీది చారలు చూడాలి.

భద్రాచలం వచ్చేవారికి నా మనవి ఒక్కటే. దర్శనం కాగానే బస్సెక్కకండి. ఇంకొక్క రోజు ఉండి, శబరి వెంట కొంటా దాకా వెళ్లి రండి.