కార్ఖానానుండి రెడ్‌హిల్సు వఱకు

సికిందరాబాదు జూబిలీ బస్సు స్టేషను దాటి తిరుమలగిరి దిక్కునకు పోవు పెద్దబాటపై కార్ఖానా యను పేట గలదు. కార్ఖానా యనగా పనులు జరుగు చోటు. 1806 వ సంవత్సరమున నిజాము సికిందర్‌జా పేర వెలసి, సైనికుల దండుతో పెరిగిన యూరిలో నిట్టి పేరు వింత గాదు. నేడు బాటకిరువైపుల నంగళ్లును, లోపలి వీథులలో గాపురములును నిండియున్నవి.

ఈ పేటలోనే మా యక్క కాపురము. ఆమె యేనాడును పొగ త్రాగి యెఱుగదు. దగ్గు నెలల తరబడి విడువకుండగా నొక వైద్యుడు క్షయయని తలంచి మందు లిచ్చెను. తగ్గలేదు. తుదకు స్కానింగు తీసి, ఊపిరితిత్తినుండి చిన్నముక్కను గ్రహించి పరీక్షింపగా క్యాన్సరని తేలినది. అప్పటికే వ్యాధి రెండవ ఊపిరితిత్తికి బాకియుండెను.

ఆమెకు జెప్పవలదని బావగారు మమ్ము బ్రతిమాలిరి. కాని యక్క మా ముఖములు చూచి, "నా యొడలిలో నున్నదాని పేరు మీ యందఱికి దెలిసి నాకు దెలియకుండుట న్యాయమా?" యని యడిగెను. మేము చెప్పితిమి. ఆ రాత్రి చాలసే పేడ్చినది. మఱునాడు కాగితములన్నియు దెమ్మని తానే చదువుకొనినది.

నాటినుండి మూడువారముల కొకసారి రెడ్‌హిల్సునకు మా ప్రయాణము. అచ్చటి మెహదీ నవాజ్ జంగు క్యాన్సరు ఆసుపత్రి 1955లో నేర్పడినది. పెరేడ్ గ్రౌండువద్ద మెట్రోరైలెక్కి, అమీరుపేటలో బండి మాఱి, లక్డీకాపూలులో దిగుదుము. దారిలో బేగంపేట తగులును. 1897లో రోనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గనుగొన్నది ఆ ప్రాంతముననే. ఆ మాట చెప్పగా నక్క నవ్వి, "దోమయని తెలిసిన పిమ్మటనే గదా దోమతెర విలువ తెలిసినది!" అనెను.

ఆసుపత్రి వసారాలో జిల్లాలనుండి మూటలతో వచ్చినవారు కూర్చుండియుందురు. అందఱి మందు నొకటి కాదు. కణములలో నొకానొక మార్పు కనబడినవారికి మాత్రలే యిత్తురు. పొగ త్రాగని స్త్రీలలో నీ మార్పు తఱచు. అక్కకది లేనందున నరములోనికి మందెక్కించిరి. జుట్టు రాలినది, అన్నము వెగటైనది. రెండవ వారమున రక్తములోని తెల్లకణములు తగ్గును గనుక నూఱు డిగ్రీలు దాటి జ్వరము వచ్చిన దెల్లవాఱువఱకు వేచియుండక ఆసుపత్రికి బోవలెనని నేర్చుకొంటిమి. నొప్పిని సహించుట పాతివ్రత్యము గాదనియు, దాని నణచుటకు వేఱుగ వైద్యులు గలరనియు నచ్చటనే తెలిసినది.

"పూర్తిగా పోవునా?" యని యక్కయే వైద్యుని నడిగెను. "అదుపులో నుంచుటకు యత్నింతుము" అని యాయన నిజము చెప్పెను. ఇంటికి వచ్చి యామె బ్యాంకు కాగితములు సరిచూచుకొనినది. గాజులెవరివో, గొలుసెవరిదో చెప్పినది. మనుమరాలిచే నావకాయ కొలతలు వ్రాయించినది. దాచియుంచినచో నీ పనులన్నియు నామె చేతినుండి మేము దొంగిలించియుందుము గదా!

పేటలో కొందఱు "ఏ పాపమో" యనిరి. మఱికొందఱు బావగారి సిగరెట్ల నెంచిరి. ఇతరుల పొగయు, కట్టెలపొయ్యి పొగయు హేతువులగుట నిజమే. ఏ కారణమును దొరకని వారును గలరు. మంచముపై నున్నామె యెదుట విచారణ యేల?

ఎదురింటి యిల్లాలు మాత్రమేమియు నడుగలేదు. మందెక్కించిన దినమున మా గడపయొద్ద మిరియాలచారు గిన్నె యుంచిపోవును. సోదరీమణులారా, మీ వీథిలో నిట్టి యిల్లున్నచో నీమెవలె జేయుడు. జలుబున్ననాడు లోనికి బోకుడు. రోగి మాటాడదలచిన వినుడు. వలదన్న గిన్నె యుంచి రండు.