మంచు దీపాలు

నీహారమంటే మంచు అని పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. అదెలా ఉంటుందో కిందటేడు జనవరిలో లంబసింగి ఘాట్ రోడ్డు మీద గాని తెలిసిరాలేదు.

తెల్లవారకముందే చేరుకోవాలని నర్సీపట్నంలో చీకటితోనే బయలుదేరాం. పక్కన మా ఆవిడ, వెనక మా అమ్మా, అమ్మాయీ. ఘాట్ ఎక్కుతున్నకొద్దీ మంచు చిక్కనై, ఉన్నట్టుండి రోడ్డు మాయమైంది. కనబడకపోతే దీపం పెంచాలి గదా అని హెడ్‌లైట్ల హైబీమ్ వేశాను. ముందు తెల్లటి గోడ లేచింది. ఆ గోడలోంచి ఒక గంప, గంప కింద ఒక ముసలమ్మ! సంతకు పోతున్నది కాబోలు. బ్రేకు తొక్కాను. కారు జానెడు దూరంలో ఆగింది. ఆవిడ గంప సర్దుకొని వెళ్లిపోయింది గాని నా కాళ్ల వణుకు ఎంతకీ తగ్గలేదు. అంతవరకూ “మెల్లిగా పోనీ నాయనా” అంటూ వచ్చిన మా అమ్మ ఆ తరువాత నోరు విప్పలేదు. తిట్టినా బాగుండేది.

ఇంటికి వచ్చిన మర్నాడే కారు సామాన్ల దుకాణానికి వెళ్లాను. అక్కడి కుర్రవాడు “ఇవి వేస్తే పట్టపగలే సార్” అంటూ పెద్ద ఎల్.ఇ.డి. దీపాలు చూపించాడు. కొనేసేవాణ్ణే. వైర్లు బిగించే పెద్దాయన అడ్డొచ్చి, “ఎక్కడ పెట్టిస్తారు మేష్టారూ?” అన్నాడు.

“పైన. ఎత్తుగా ఉంటే దూరం కనిపిస్తుంది గదా!”

ఆయన నవ్వాడు. మంచంటే గాలిలో తేలే నీటి తుంపరలే. మన కంటికి దగ్గరగా వెళ్లే వెలుతురు వాటికి తగిలి మళ్లీ మన కళ్లలోనే పడుతుంది. అందుకని ఈ దీపాలు బంపరులో కిందుగా ఉండాలి. వెలుతురు పైకి లేవకుండా, విసనకర్రలా అడ్డంగా పరుచుకొని రోడ్డు అంచులు చూపించాలి. పసుపు వెలుతురు మంచును చీల్చుకుపోతుందని నేనెక్కడో చదివాను. అదీ నిజం కాదట. మంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి. తెలుపైనా పసుపైనా ఇంచుమించు ఒకేలా చెదురుతుంది. కొందరి కళ్లకు పసుపు హాయి, అంతే. పసుపే శుభమని మా అమ్మ అంది, అవే తీసుకున్నాను.

చిక్కు బిగింపులో వచ్చింది. 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండంటే 12 వోల్టుల మీద 9 ఆంపియర్లకు పైమాటే. రిలే ఖర్చు తప్పుతుందేమోనని అడిగాను. పెద్దాయన మాట్లాడకుండా ఎవరి కారులోదో కరిగి ముద్దైన వైరు తెచ్చి చేతిలో పెట్టాడు. రిలే వేయమన్నాను; బ్యాటరీ దగ్గర 15 ఆంపియర్ల ఫ్యూజు కూడా. తరువాత కారును గోడకు ఎదురుగా నిలిపి, దీపాల ఎత్తున గీత గీసి, వెలుతురు పైఅంచు ఆ గీతకు కాస్త దిగువన పడేదాకా మరలు తిప్పాడు. గీత గీసిన సుద్దముక్క నా జేబులోదే. “మంచు విడగానే ఆర్పెయ్యండి, ఎదుటివాడి కళ్లు పోతాయి” అని కూడా చెప్పాడు.

మొన్న డిసెంబరులో మళ్లీ వెళ్లాం. దూరం కనిపించలేదు. ఎడమవైపు తెల్లగీత మాత్రం కారు పక్కనే నడిచి వచ్చింది. రెండో మలుపు దగ్గర వెనకనుంచి వినిపించింది:

“మెల్లిగా పోనీ నాయనా!”

“ఇరవై దాటలేదమ్మా” అన్నాను.