ఇద్దరు ఆశ్రితులు

తెనాలిలో మా యింట రెండేండ్లు నా భుజముపై నిద్రించి పెరిగిన మనుమరాలికి ‘ఆశ్రితురాలు’ అను పదవి లభింపవలెనన్న, ఆమె పాస్‌పోర్టు టెక్సాసులోని ఆస్టిను నగరమునకు తపాలాలో ఒంటరిగా ప్రయాణము చేయవలసివచ్చుననియు, అది తిరిగి వచ్చువరకు ఇంటిల్లిపాదియు తపాలాపెట్టె మూత చప్పుడునకు చెవులు రిక్కించి కూర్చుండవలసివచ్చుననియు నేను కలనైన తలంపలేదు.

2025 మార్చి నెలలో, అంతకు మూడు నెలల ముందు పుట్టిన మనుమని చూచు నెపమున ఎడిసనులోని కుమారునింట నుంటిని. హెచ్-1బీ వీసాపై ఉద్యోగము చేయుచున్న వాడు భోజనపు బల్లపై కాగితములు పరచి పన్నులెక్క వ్రాయుచుండ, ఆవకాయ మరకలంటకుండ పాస్‌పోర్టులను ప్రక్కకు జరుపు పని నేను స్వీకరించితిని.

“నాన్నగారూ, పాప వచ్చిన తేదీ ఆ ముద్రలో చూసి చెప్పండి,” అన్నాడు.

2024 మే 11. పన్ను విషయమున ఆ దేశపు నివాసి యనిపించుకొనుటకు 183 దినములు కావలెను. క్రిందటి యేటి దినములలో మూడవవంతును, అంతకు ముందటి యేటివానిలో ఆరవవంతును కలుపుకొన వచ్చునట గాని, మా పాపకా చిల్లర లేదు. వ్రేళ్ల గణుపులపై రెండుమారులెంచగా 235 తేలినవి. పసివానికన్ననో ఈ గణితముతో పనియే లేదు; డిసెంబరు 31 రాత్రి పుట్టిన శిశువైనను ఆ యేడాది పొడుగునను తల్లిదండ్రుల యొడిలో నున్నట్లే శాసనము భావించును. వాని సోషల్ సెక్యూరిటీ సంఖ్యకు దరఖాస్తు ఆసుపత్రిలో జనన నమోదుతోడనే జరిగిపోయినది. ఆ తొందరలో నక్షత్రము చూచి పేరు పెట్టు వ్యవధి మాకు చిక్కలేదన్నది వేరు సంగతి.

హెచ్-4 వీసాపై నున్న పాపకా సంఖ్య నీయరు. ఆమెకు తొమ్మిదితో మొదలగు వేరొక సంఖ్య గలదు. దానికై డబ్ల్యు-7 అను పత్రమును పన్ను దాఖలుతో జతపరచి పంపవలెను. ఇంతయు చేసిన పిదప ఫలమేమనగా, తమ్మునిపై 2000 డాలర్ల రాయితీ, అక్కపై 500. సోషల్ సెక్యూరిటీ సంఖ్య గల బిడ్డకే పెద్ద రాయితీ యను నిబంధన 2018 మొదలు అమలులోనున్నది. 2025 సంవత్సరపు లెక్కకు రెండువేలు 2200 అయినవి గాని, ఐదువందలు ఐదువందలుగనే యున్నవి.

ఖజానా ఎవరిదో లెక్కయు వారిదే గనుక నేను చట్టమును దూషింపను. కాని పాప తెనాలిలో నున్న రెండేండ్లును మావాడు నెలనెల పంపిన సొమ్మునకు ఆ లెక్కలో తావే లేకపోయెను. కెనడాలోనో మెక్సికోలోనో నివసించు బిడ్డను, తక్కిన షరతులు కుదిరినచో, ఆశ్రితునిగా చూపవచ్చునట. తెనాలి బిడ్డకా భాగ్యము లేదు. ఇంతకన్న విచిత్రమొకటి గలదు. వీసా చట్టము దృష్టిలో ఆశ్రితురాలు పాపయే. తండ్రి ఉద్యోగముపై నామె నివాసము నిలిచియున్నది, 21 ఏండ్లు నిండిన ఆ ముడియు వీడిపోవును. తమ్ముడు పుట్టుకతోనే పౌరుడు, అక్కడ నుండుటకు తండ్రి వీసాతో వానికి నిమిత్తమే లేదు. ఎవరిపైనను ఆధారపడనక్కరలేని వాడు పన్నుపుస్తకమున రెండువేల ఆశ్రితుడు. అన్నిట ఆధారపడినది ఐదువందల ఆశ్రితురాలు!

డబ్ల్యు-7 పత్రముతో పంపిన పాస్‌పోర్టు పదవ వారమున తిరిగి వచ్చినది. పాప తన ఫొటో నలిగినదేమో యని చూచుకొని, దానిని తన బొమ్మల పెట్టెలో దాచుకొన్నది. అసలు పాస్‌పోర్టును చూచి ధ్రువీకరించి అక్కడికక్కడే తిరిగి యిచ్చు అధికృత ప్రతినిధులును, పన్నుశాఖవారి సహాయకేంద్రములును ఉన్నవని మాకు పిమ్మట తెలిసినది. బిడ్డ పాస్‌పోర్టును తపాలాలో వేయబోవు తండ్రులారా, ముందుగ వారి నడుగుడు.