కాలనీ తోటలో నీళ్ల వంతు ఎవరిది?

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టూ కొత్త లేఅవుట్లు చూస్తుంటే ఒక ఆలోచన. నిబంధన ప్రకారం కనీసం 10 శాతం స్థలం ఖాళీగా వదలాలి. వదులుతారు, కాదనను. చాలాచోట్ల బయట పార్కు అని బోర్డు, లోపల కంపచెట్లు, పందులు. అక్కడ నాలుగిళ్లవాళ్లు కలిసి గోంగూరో వంకాయో వేసుకోకూడదా?

వేసుకోవచ్చు గానీ, గొడవొచ్చేది నీళ్ల దగ్గరే. తుంగభద్ర దిగువ కాలువ (ఎల్లెల్సీ)లో నీళ్లు బంద్ అయితే బసాపురం ట్యాంకులో ఉన్నవే ఆదోనికి తాగడానికి దిక్కు. ఏప్రిల్‌లో మడికి ఎవరి కొళాయి నుంచి పైపు వేస్తాం? కాసిన బెండకాయలు పొద్దున ముందు లేచినోళ్లవేనా? బ్రిటన్‌లో ఇలాంటి తోటలకు 1908 నాటి చట్టమే ఉంది. మడి అద్దెకిస్తారు, బీడు పెడితే వెనక్కి తీసుకుంటారు. నాకు నచ్చింది ఆ రెండో ముక్కే.

ఇలా సభ్యులుగా చేరి కలిసి పని చేసుకోవడం మనకేం కొత్త కాదు. మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టింది 1938లో. మగ్గానికి కుదిరింది మడికి కుదరదా? కాకపోతే లేఅవుట్‌లో వదిలిన ఆ స్థలం మున్సిపాలిటీదో పంచాయతీదో అవుతుంది, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే విత్తనం వేయాలి. మీ కాలనీలో ఎవరైనా మొదలుపెట్టి ఉంటే, నీళ్ల వంతులు ఎలా వేసుకున్నారో కాస్త చెప్పండి.