ఆగస్టులో బార్ లేదు

సెకండ్ ఇయర్ మినీ ప్రాజెక్ట్‌కి నేను తుఫాన్లు తీసుకున్నాను. కారణం పెద్దదేం కాదు, డేటా ఫ్రీగా దొరికింది. (ఇంగ్లీష్ మీడియం బ్యాచ్, అక్షరదోషాలుంటే క్షమించండి.)

ముందు అట్లాంటిక్ హరికేన్లతో ప్రాక్టీస్ చేశాను. నెలవారీగా లెక్కపెట్టి గ్రాఫ్ గీస్తే ఒకే కొండ వచ్చింది, శిఖరం సెప్టెంబర్‌లో. అదే కోడ్‌లో మన బంగాళాఖాతం డేటా పెట్టాను. రెండు కొండలు! మేలో చిన్నది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పెద్దది. మధ్యలో ఆగస్టు దగ్గర దాదాపు ఖాళీ. సముద్రం వేడిగానే ఉంటుంది, వానలూ అప్పుడే, మరి తుఫాను ఎందుకు లేదు? కచ్చితంగా నా బగ్ అనుకుని రాత్రి రెండింటి దాకా ఫిల్టర్లు చెక్ చేశాను.

బగ్ కాదు. రుతుపవనాల టైమ్‌లో కింద గాలి నైరుతి నుంచి వీస్తుంది, చాలా ఎత్తులో తూర్పు నుంచి ఇంకా వేగంగా వీస్తుంది. దీన్నే విండ్ షియర్ అంటారు. తుఫాను నిటారుగా పెరగాలి. కిందికీ పైకీ గాలి ఎదురెదురుగా లాగుతుంటే నిలబడలేదు. అల్పపీడనాలు పుడతాయి, కానీ ఎక్కువ శాతం ఉత్తరాన పుట్టి తొందరగా ఒడిశా, బెంగాల్ వైపు నేలెక్కేస్తాయి. బలపడే టైమ్ ఉండదు.

ఈ గొప్ప డిస్కవరీ చెబుదామని అమ్మమ్మకి ఫోన్ చేశాను. వాళ్లది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లెటూరు.

"ఆగస్టులో ముసురు పడుతుంది గానీ తుఫానెందుకొస్తుందిరా? చేను కోతకొచ్చాకే వస్తుంది మాయదారిది."

"మేలో కూడా ఉన్నాయి అమ్మమ్మా."

"ఉండవూ? తొంభైలో మన కప్పు లేచిపోయింది మే నెలలోనేగా."

అప్పుడు గుర్తొచ్చింది. దీపావళి అవగానే ఆవిడ పాసు పుస్తకాలు, బియ్యం మూట అటకెక్కిస్తుంది. సంక్రాంతికి దింపుతుంది. చాదస్తం అని ఎన్నిసార్లు నవ్వుకున్నామో. నా గ్రాఫ్‌లో రెండో కొండ మొత్తం ఆ అటక మీదే ఉంది.

1977 నవంబర్ 19 ఉప్పెనప్పుడు ఆవిడకి నా వయసే. తుమ్మచెట్టు పట్టుకుని బతికింది. తమ్ముడి చెయ్యి జారిపోయింది. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ప్రభుత్వ లెక్కలోనే దాదాపు 10,000 మంది పోయారు.

"అది కూడా రాశావా?" అంది.

"ఉంది. నవంబర్‌లో."

"ఎంతని?"

నా కోడ్‌లో ప్రతి తుఫానూ ఒక కౌంట్. తీరం చేరకుండా చచ్చిపోయిందీ ఒకటే, అదీ ఒకటే. ఆ మాట నోటికి రాలేదు. సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను. సిగ్నల్ బానే ఉంది.

రిపోర్ట్‌లో నవంబర్ బార్ మీద చిన్నగా 1977 అని రాశాను. రివ్యూలో సార్ "ఇదొక్కటే ఎందుకు? మిగతా బార్ల మీద లేదే" అన్నారు. ఫార్మాటింగ్‌లో ఒక మార్కు పోయింది. చెరపలేదు.

మళ్లీ కార్తీకం వచ్చింది. నిన్న ఫోన్ చేస్తే, నిచ్చెన ఎక్కలేకపోతున్నా, మూట పైకెక్కించడానికి ఈ ఆదివారం రారా అంది. బస్ బుక్ చేశాను.