రాగి దిగిన దారుల్లో పరుగు: కార్న్‌వాల్ గని సీమ

ఇంగ్లండ్ నైరుతి కొసన అట్లాంటిక్‌లోకి చొచ్చుకుపోయిన కార్న్‌వాల్ ద్వీపకల్పంలో, కామ్‌బోర్న్, రెడ్‌రూత్ పట్టణాల చుట్టూ పరచుకున్న పల్లెసీమ ఈనాడు దూరపు పరుగులు తీసేవారికీ, సైకిల్ తొక్కేవారికీ ఎంతో ఇష్టమైన చోటు. ఎత్తుపల్లాలు ఎక్కువైన ఈ నేలలో ఊపిరి చెదరకుండా గంటల తరబడి పరుగెత్తగల వాలు దారులు ఉండటానికి కారణం ప్రకృతి కాదు, గనుల పరిశ్రమ. పందొమ్మిదో శతాబ్ది తొలి దశాబ్దాలలో రాగి ఖనిజాన్ని రేవులకు దింపడానికీ, అదే దారిన బొగ్గును గనులకు ఎక్కించడానికీ గుర్రాలు లాగే బండ్ల కోసం వేసిన పట్టాల మార్గాలే, పట్టాలు పోయి ఏళ్లు గడిచాక, గత శతాబ్దం చివరి నుంచి ప్రభుత్వ నిధులతో పరుగుబాటలుగా మారాయి. మినరల్ ట్రామ్‌వేస్ అనే పేరుతో పిలిచే ఈ బాటలన్నీ కలిపి సుమారు 60 కిలోమీటర్ల పొడవు ఉంటాయి. కార్న్‌వాల్, పశ్చిమ డెవన్ గని ప్రాంతాలను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు గుర్తించిన పది భాగాలలో ఈ సీమ కూడా ఉంది.

గుర్రానికి ఎక్కడం కష్టమైతే మనిషికీ కష్టమే కనుక, ఆనాటి ఇంజనీర్లు గుర్రం శక్తిని లెక్కగట్టి నిర్ణయించిన వాలు ఈనాటి పరుగువారి కాళ్లకు సరిగ్గా సరిపోతుంది. కార్న్‌వాల్‌లో తగరం, రాగి సమృద్ధిగా దొరికినా బొగ్గు లేదు. రాగిని కరిగించడానికి ఖనిజం కంటే ఎక్కువ బరువైన బొగ్గు కావలసివచ్చేది కాబట్టి, బొగ్గును ఇక్కడికి తెచ్చేకంటే ఖనిజాన్నే ఓడలలో దక్షిణ వేల్స్‌లోని స్వాన్సీకి పంపడం లాభదాయకమైంది. తిరుగు ప్రయాణంలో అవే ఓడలు గనులలో నీరు తోడే ఆవిరి ఇంజన్లకు బొగ్గు మోసుకొచ్చేవి. అందువల్ల ఈ ప్రాంతపు దారులన్నీ ఏదో ఒక రేవు వైపు వాలుతాయి. ఉత్తర తీరాన పోర్ట్‌రీత్, దక్షిణాన డెవోరన్ అనే రేవులు ఈ దారులకు రెండు కొసలు.

ఆ రెండింటినీ కలిపే కోస్ట్ టు కోస్ట్ బాట పొడవు సుమారు 18 కిలోమీటర్లు. దీని ఉత్తర భాగం 1809లో మొదలైన పోర్ట్‌రీత్ ట్రామ్‌రోడ్ మీదుగా, దక్షిణ భాగం 1826లో ప్రారంభమైన రెడ్‌రూత్ అండ్ చేస్‌వాటర్ రైల్వే మీదుగా సాగుతుంది. ట్రామ్‌రోడ్ అంటే గుర్రాలు లాగే ఖనిజపు బండ్లు నడవడానికి, ఇనుప పట్టాలను రాతి దిమ్మెల మీద బిగించి వేసిన దారి. పట్టాల మేకులు దిగిన రంధ్రాలతో సహా ఆ రాతి దిమ్మెలు ఈ దారుల పక్కన అక్కడక్కడ ఇప్పటికీ నేలలో కూరుకుపోయి కనిపిస్తాయి. పోర్ట్‌రీత్ నుంచి బయలుదేరినవారు చెట్ల నీడన మెల్లగా ఎక్కుతూ స్కోరియర్ దగ్గరి మెట్టనేలకు చేరి, అక్కడి నుంచి గ్వెనప్ పరిసరాలలోకి దిగుతారు. పాత ప్రపంచంలో అత్యంత సంపన్నమైన చదరపు మైలు అని ఒకప్పుడు పేరు మోసిన నేల ఇది. ఆ రోజులలో ప్రపంచపు రాగిలో మూడింట రెండు వంతులు కార్న్‌వాల్, పశ్చిమ డెవన్ గనుల నుంచే వచ్చేదన్న విషయం గుర్తుంచుకుంటే ఆ పేరు అతిశయోక్తి కాదని తెలుస్తుంది. బాటకు కొంచెం ఎడంగా ఉన్న వీల్ బిజీ అనే గనిలో జేమ్స్ వాట్ రూపొందించిన ఆవిరి ఇంజను 1777లో కార్న్‌వాల్‌లో మొదటిసారిగా పనిచేసింది.

ఈ బాట మొత్తంలో ఎక్కువసేపు నిలిచి చూడదగినది పోల్డైస్ లోయ. పచ్చని ఇంగ్లిష్ పల్లెను ఆశించి వచ్చినవారికి ఇక్కడ ఎర్ర, పసుపు, బూడిద రంగుల బోడి గుట్టలు ఎదురవుతాయి. గనులు మూతపడి తరాలు గడిచినా వాటి మీద గడ్డి కూడా సరిగా మొలవదు. దానికి కారణం రాగి, తగరపు ఖనిజాలతో కలిసి బయటికి వచ్చిన ఆర్సెనిక్, అంటే మన వైద్యగ్రంథాలు పాషాణమని పిలిచే విషపదార్థం. ఖనిజాన్ని కొలిమిలో కాల్చినప్పుడు లేచే ఆర్సెనిక్ ఆవిరిని మెలికలు తిరిగే పొడవైన పొగగొట్టాల గుండా పంపి, గోడలకు పేరుకున్న తెల్లని పొడిని కార్మికులు గీకి తీసేవారు. ముక్కులలో దూది పెట్టుకోవడం, చర్మానికి బంకమట్టి పూసుకోవడం తప్ప వారికి వేరే రక్షణ ఉండేది కాదు. అద్దకపు రంగులకూ, అమెరికా పంటల మీద చల్లే పురుగుమందులకూ ఈ పొడి ఎగుమతి అయ్యేది. ఇంత విషం కలిసిన నేలలోనూ కొన్ని జీవులు తమ చోటు వెతుక్కున్నాయి: లోహాలను తట్టుకునే ఊదాపూల హీథర్ పొద దిబ్బల అంచులను కప్పుతుంది, రాగి కలిసిన మట్టి మీదే పెరిగే ఒక అరుదైన నాచు జాతికి కార్న్‌వాల్ పేరే పెట్టారు. పోల్డైస్‌ను అందమైన చోటు అనేవారూ ఉన్నారు, గాయం అనేవారూ ఉన్నారు. పరుగెత్తే మనిషికి ఆ రెండూ ఒకేసారి నిజమనిపించడమే ఈ లోయ ప్రత్యేకత.

పోల్డైస్ దాటాక దారి కార్నన్ నది వెంట డెవోరన్ వైపు దిగుతుంది. ఈ నదిలోకి చేరే గని నీటికి ఒక పెద్ద చరిత్ర ఉంది. గనిలో ఊరే నీటిని తోడి పైకి ఎత్తే ఖర్చు తప్పించడానికి, కొండ పక్క నుంచి గనిలోకి స్వల్పమైన వాలుతో తవ్వే సొరంగాన్ని ఎడిట్ అంటారు. 1748 ప్రాంతంలో మొదలై, గ్వెనప్ పరిసరాల గనులను ఒకదానికొకటి కలుపుతూ విస్తరించిన గ్రేట్ కౌంటీ ఎడిట్ మొత్తం పొడవు 60 కిలోమీటర్లకు పైమాటే. పరుగుబాటకు ఎంత దూరముందో దాని కింది సొరంగాలకు అంతకు మూడింతలకు మించి దూరముందన్నమాట. ఆ నీరు ఈనాటికీ కార్నన్‌లోనే పడుతుంది. ఈ లోయలోనే ఉన్న వీల్ జేన్ తగరపు గని 1991లో మూతపడి పంపులు ఆగిపోయాక లోపల నిండిన ఆమ్ల జలం, 1992 జనవరిలో పాత సొరంగపు అడ్డుకట్టను తెంచుకొని కాడ్మియం, జింక్, ఇనుము వంటి లోహాలతో సహా నదిలోకి పొంగి, దిగువనున్న సముద్రపు పాయను నారింజ రంగుకు మార్చింది. ఆ తరువాత నిర్మించిన శుద్ధి కేంద్రం ఈ లోయలో పనిచేస్తూనే ఉంది. గని మూత అంటే తాళం వేసి వెళ్లిపోవడం కాదని, నీటి బాధ్యత తరాలపాటు ఎవరో ఒకరు మోయవలసిందేనని ఈ లోయ చెప్పినంత సూటిగా మరే చోటూ చెప్పదు.

గ్రేట్ ఫ్లాట్ లోడ్ అనే రెండో బాట కార్న్ బ్రే కొండ చుట్టూ సుమారు 12 కిలోమీటర్ల వలయంగా తిరుగుతుంది. రాతి పగుళ్లలో ఖనిజం పేరుకున్న పట్టీని లోడ్ అంటారు. కార్న్‌వాల్‌లో అవి సాధారణంగా దాదాపు నిలువుగా దిగుతాయి. 1870ల ప్రాంతంలో కొండ దక్షిణ పక్కన బయటపడిన ఈ తగరపు లోడ్ మాత్రం సుమారు 30 డిగ్రీల వాలుతో పరచుకొని ఉండటం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఆ పట్టీ పొడవునా వరుసగా గనులు లేచాయి, వాటి ఇంజను గృహాలు ఇప్పటికీ బాట పక్కన నిలబడి ఉన్నాయి. ఇంజను గృహమంటే గని నీటిని తోడే ఆవిరి ఇంజనుకు కేవలం గూడు కాదు, ఆ యంత్రంలో ఒక భాగం. పదుల టన్నుల బరువున్న ఇనుప దూలం ముందు గోడ మీద ఆనుకొని ఊగుతుంది కాబట్టి ఆ గోడను మిగిలినవాటి కంటే మందంగా గ్రానైటుతో కట్టేవారు. ఈస్ట్ పూల్ గనిలో ఉన్న, 1892లో తయారైన ఇంజను దూలం బరువు 52 టన్నులు. చాలా ఇంజన్లను పాత ఇనుముగా అమ్మేసినా అవి మోపిన భారం కోసం కట్టిన గోడలు కూలలేదు. చరిత్ర తెలుసుకోవాలనుకునే పరుగువారికి సముద్రతీరపు ప్రసిద్ధ దృశ్యాల కంటే ఈ వలయమే మేలు, ఎందుకంటే ఇక్కడ గని బావి, ఖనిజం దంచిన చోటు, కాల్చిన కొలిమి, మోసిన దారి ఒకే పరుగులో వరుసగా ఎదురవుతాయి. ఖనిజాన్ని సుత్తులతో పగలగొట్టి వేరుచేసే పని చేసిన స్త్రీలను బాల్ మెయిడెన్స్ అనేవారు. శిథిలాల పక్కన చదును చేసిన నేలలు వారు పనిచేసిన చోట్లే.

1866లో రాగి ధర కూలడంతో ఈ సీమ నుంచి గని కార్మికులు వేల సంఖ్యలో మెక్సికో, దక్షిణ ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా, దక్షిణాఫ్రికాలకు తరలిపోయారు. తెలుగువారికి బాగా తెలిసిన చోటు కూడా ఆ వలసల పటంలో ఉంది. గ్వెనప్‌లో కన్సాలిడేటెడ్ గనులను 1819 నుంచి నడిపి, డెవోరన్ రైలు మార్గాన్ని వేయించిన జాన్ టేలర్ కుటుంబ సంస్థ జాన్ టేలర్ అండ్ సన్స్, 1880 నుంచి కోలారు బంగారు గనుల నిర్వహణను చేపట్టి 1956లో జాతీయం అయ్యేవరకు కొనసాగించింది. కార్న్‌వాల్ నుంచి వచ్చిన కెప్టెన్లు, అంటే గని పర్యవేక్షకులు, అక్కడ తమిళ, తెలుగు, కన్నడ కార్మికుల చేత పని చేయించారు. చిత్తూరు జిల్లా సరిహద్దుకు ఆనుకొని ఉన్న ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. వాటి సైనైడ్ దిబ్బలు ఊరి మధ్యనే మిగిలాయి. వీల్ జేన్ వంటి అనుభవాన్ని ముందుంచుకొని ఆ దిబ్బల దుమ్మును, నీటిని అదుపు చేయగలిగితే, కోలారు సీమకూ ఇలాంటి బాటలు రావడం అసాధ్యమేమీ కాదు. అయితే శుద్ధికి ముందే బాటలు వేస్తే అది అక్కడి ప్రజలకు అన్యాయమవుతుంది.

కార్న్‌వాల్ బాటల మీద ఏ కాలంలోనైనా పరుగెత్తవచ్చుగాని, వాలు కలిసిరావాలంటే స్కోరియర్ మెట్ట నుంచి డెవోరన్ వైపు దిగడమే సులువు. బాట దక్షిణ భాగంలో ఖనిజంతో బరువెక్కిన బండ్లూ ఆ వైపే దిగేవి. పోల్డైస్ గుట్టల మీద గుర్తు వేసిన దారిని వదలకూడదు, అక్కడి మట్టిని చేతులతో తాకి అలాగే భోజనం చేయకూడదు. పొదల చాటున ఉన్న పాత గని బావులలో కొన్నింటి చుట్టూ రాతి గోడలు కట్టారు, మరికొన్నింటికి శంకువు ఆకారపు ఉక్కు వలలు బిగించారు. వల కన్నాల నుంచి గబ్బిలాలు లోపలికి పోయి రాగలవు, మనిషి మాత్రం జారిపడడు. చలికాలపు సాయంకాలాలలో వెలుగు త్వరగా తగ్గుతుంది కాబట్టి, గ్రేట్ ఫ్లాట్ లోడ్ వలయానికి వెళ్లేవారు తలదీపం వెంట ఉంచుకొని మధ్యాహ్నమే బయలుదేరడం మంచిది.